కుడి మోకాలు పన్నెండు

ఫిబ్రవరి 2, సోమవారం

వదినకు,

ఇక్కడ అందరం తిరుగుతూనే ఉన్నాం. బాగున్నాం అని రాయబోతే మాత్రం చెయ్యి ఆగిపోతోంది. మీ షాపులో కుట్టుమిషన్ల మోతలో ఫోనులో నా మాట మీకు అందదు, మీ మాట నాకు అందదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు పని సంగతి. స్కూల్లో ఆటల పీరియడ్‌కి మా పిట్టకి నీలం ప్యాంటు కావాలన్నారు. బజార్లో దొరికేవి నడుం దగ్గర బొత్తాలవి. పొద్దున్నపూట దాని వేళ్ళకి బొత్తాలు లొంగవు. మీరే కుట్టి పంపండి. కొలతలు: నడుము ఇరవై మూడు, పొడుగు ముప్ఫై రెండు, ఎడమ మోకాలు పదకొండుంపావు, కుడి మోకాలు పన్నెండు, కింద అంచు పదకొండు. ప్రతిదీ రెండుసార్లు కొలిచాను.

ఇక రెండో సంగతి. మీ మేనకోడలికి కీళ్ళవాతం అని తెలిసి పద్నాలుగు నెలలైంది. పదేళ్ళ పిల్లకి కీళ్ళవాతమేమిటని మీరు మొదట నవ్వారు, తర్వాత ఏడ్చారు. స్కూల్లో వాళ్ళు ఇంకా ఆ మొదటి దగ్గరే ఆగిపోయారు. పొద్దున్న లేచేసరికి పిల్లకి వేళ్ళు, మణికట్లు, మోకాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. పది, పదకొండు దాటాక మెల్లగా వదులవుతాయి. మధ్యాహ్నం చూసిన వాళ్ళకి ఈ పిల్లకి ఏ జబ్బూ లేదనిపిస్తుంది. క్లాసు టీచరు నన్ను గేటు దగ్గర ఆపి, "మొదటి పీరియడ్‌లో పెన్ను పట్టుకోలేదు, లంచ్‌లో తాడాట ఆడుతుంది. ఇదేం జబ్బండీ, టైంటేబుల్ చూసుకుని వస్తుందా?" అంది. పక్కనే పిట్ట నిలబడి బూటు ముందు భాగం చూసుకుంటోంది.

ఇప్పటికి స్కూలుకి పదకొండు ఉత్తరాలు రాశాను వదినా. ఏ కీలు, ఎంతసేపు, ఏం మినహాయించాలి, అన్నీ తేదీలతో సహా. జవాబు ఒక్కదానికి వచ్చింది. "అందినది" అని.

మార్చి పదహారున సంవత్సరం పరీక్షలు మొదలు. పొద్దున్న తొమ్మిదికి, రెండు గంటలు. ఆ రెండు గంటల్లో అది రాయలేకపోతే అదే క్లాసులో ఉంచేస్తారట.

ఒక్కటే ఊరట. డాక్టరు రోజూ రాయమన్న పుస్తకం రాస్తున్నాను కదా. పొద్దున్నే పిట్టని అడిగి మంచి, ఓ మాదిరి, బాలేదు అని మూడు గళ్ళలో ఒకదాంట్లో టిక్కు పెడతాను. జనవరిలో ఇరవై ఆరు టిక్కులు "మంచి"లో పడ్డాయి. ఇలాగే ఉంటే మార్చిలో వారానికోసారి వేసే మాత్ర తగ్గిస్తానన్నాడు. ఆ మాత్ర వేసిన మర్నాడు పిల్ల అన్నం వైపు చూడదు. అది తగ్గితే చాలు నాకు.

బట్ట ఉతికితే కుంచించుకుపోయేది కాకుండా చూడండి. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చాను.

మీ మరదలు



ఫిబ్రవరి 8

ఏమ్మా మరదలా,

నీ ఉత్తరం విప్పగానే నీ వంటింటి మోత ఇక్కడిదాకా వినిపించింది. మనసు బాలేకపోతే మూతల మీద చూపించడం ఇంకా మానలేదా? మా తమ్ముడు చెవుల్లో దూది పెట్టుకుంటున్నాడా, అలవాటు పడిపోయాడా?

ప్యాంటు ఈ పార్సిల్లోనే ఉంది. నడుముకి బొత్తాల్లేవు, ఎలాస్టిక్ వేశాను. పక్కన ఒక పట్టీ అతుక్కుంటుంది. అరచేత్తో నొక్కితే చాలు, వేళ్ళతో పని లేదు.

ఒక్క మాట. ఎడమ మోకాలు పదకొండుంపావు, కుడిది పన్నెండు అని రాశావు. ఒకే పిల్లకి రెండు సైజుల కాళ్ళేమిటి? పొయ్యి మీద ఏదో పెట్టి కొలిచుంటావు, టేపు మెలికపడి ఉంటుంది. రెండూ పదకొండుంపావే పెట్టి, మామూలుగా ఇచ్చే వదులిచ్చి కుట్టేశాను.

ఇంకో మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఇరవై రెండేళ్ళుగా స్కూలు బట్టలు కుడుతున్నాను. నా ట్రయల్ గదికి తెర ఉంది, తెర బయట ఒక స్టూలుంది. అమ్మల్ని ఆ స్టూలు మీద కూచోబెడతాను, లోపలికి రానివ్వను. ఎందుకో తెలుసా? అమ్మ పక్కనుంటే ప్రతి పిల్లా "సరిపోయింది" అంటుంది. అమ్మ బయటుంటేనే "చంకలో పట్టేస్తోంది ఆంటీ" అని మెల్లిగా బయటపెడుతుంది. నీ పదకొండు ఉత్తరాల్లో పిట్ట మాటలు ఎన్నున్నాయి? ఆ పిల్లని మాట్లాడనివ్వు.

నీ వదిన



ఫిబ్రవరి 13, శుక్రవారం

వదినకు,

ప్యాంటు అందింది. పిట్ట వేసుకుని చూసి సరిపోయిందంది. నేను పక్కనే ఉన్నాను, అందుకే అందంటారేమో. పక్కన ఉండడం తప్పయితే చెప్పండి, ఇంట్లో కూడా తెర కట్టిస్తాను.

మెలికపడింది నా టేపు కాదు. ఈ ఇంట్లో ఏ వస్తువు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీస్తాను నేను. కొలవడం రాని దాన్నని ఇన్నాళ్ళకి మీ నోట విన్నాను. పోనివ్వండి.

మంగళవారం హెడ్మిస్ట్రెస్ పిలిచింది. నా ఉత్తరాలన్నీ ఒక ఫైల్లో కుట్టి పెట్టుకుంది. అది చూసి సంతోషించాను. ఆవిడ మెల్లగా, "చాలా వివరంగా రాశారు. కానీ పరీక్ష హాల్లోకి మీరు రారు కదమ్మా. అక్కడ చెయ్యి పట్టేస్తే ఇన్విజిలేటర్‌కి ఎవరు చెప్పాలి? మీ అమ్మాయి నా గదికి వచ్చి, తనకేం కావాలో తన నోటితో చెప్పమనండి. నేనివ్వగలిగింది ఇస్తాను. మార్చి పన్నెండో తారీకు వరకూ టైముంది" అంది.

మీరన్నదీ అదే, ఆవిడన్నదీ అదే. సరే, మాట్లాడనిద్దాం. ఒక రోజంతా కూచుని పద్నాలుగు వాక్యాలు రాశాను. జబ్బు పేరు, ఎప్పట్నుంచి, పొద్దున్న ఎందుకు ఎక్కువ, పరీక్షకి ఏం కావాలి, చివర్లో ధన్యవాదాలు. రాత్రి అన్నాలయ్యాక రోజూ రెండుసార్లు అప్పజెప్పించుకుంటున్నాను. ఎనిమిది వాక్యాలు నోటికొచ్చాయి. మీ తమ్ముడు పేపరు అడ్డం పెట్టుకుని, "అది పిల్లా, రేడియోనా?" అన్నారు. ఆయనకి అన్నీ వేళాకోళమే.

మీ మరదలు



ఫిబ్రవరి 18, బుధవారం

వదినకు,

మీరు జవాబు రాసేదాకా ఆగలేకపోయాను. మీ సలహా ఎలా పారిందో వినండి.

సోమవారం మొదటి పీరియడ్‌లో టీచరు, "అందరూ రాస్తున్నారు, నువ్వెందుకు కూచున్నావు?" అని అడిగిందట. పిట్ట లేచి, చేతులు కట్టుకుని, "గౌరవనీయులైన ఉపాధ్యాయురాలికి నమస్కారం. నేను గత పద్నాలుగు నెలలుగా..." అని మొదలుపెట్టిందట. ఆరో వాక్యం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ "గౌరవనీయులైన" నుంచి ఎత్తుకుంది. క్లాసంతా నవ్వు. టీచరు కూడా నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుందట. ఇప్పుడు దానికి "గౌరవనీయురాలు" అని పేరు పెట్టారు. మెట్ల మీద దిగుతుంటే, "గౌరవనీయురాలు వస్తున్నారు, తప్పుకోండి" అంటున్నారట.

ఇదంతా నాకు చెప్పింది పిట్ట కాదు. ఎదురింటి పిల్ల వాళ్ళ అమ్మకి చెప్తే, ఆవిడ నాకు చెప్పింది. "స్కూలెలా ఉందే?" అని నేనడిగితే పిట్ట "బాగానే ఉంది" అంది. రెండు రోజులు "బాగానే ఉంది" అంది.

మాట్లాడనివ్వు, మాట్లాడనివ్వు అన్నారు. ఇదిగో, మాట్లాడింది. నా ఉత్తరాలతో నేను నెట్టుకొచ్చుంటే కనీసం నవ్వులపాలయ్యేది కాదు. ఇల్లంతా నాలుగుసార్లు తుడిచాను ఇవాళ. కూచోబుద్ధి కావడం లేదు.

ప్యాంటు వెనక్కి పంపుతున్నాను. కుడి మోకాలి దగ్గర కుట్టు విడిపోయింది. వదినగారి కుట్టు ఊడడం నా పెళ్ళయినప్పట్నుంచీ ఇదే మొదటిసారి.

మీ మరదలు



ఫిబ్రవరి 22, ఆదివారం

మరదలా,

నీ ఉత్తరానికి వెంటనే రాసుంటే మాటకి మాట అనేదాన్ని. మాట్లాడనివ్వమన్నాను గానీ, నీ మాటలు దాని నోట్లో కుక్కమన్నానా? అలా రెండు పేజీలు రాసి చించేశాను. చించాక ప్యాంటు బల్ల మీద పరిచి చూశాను.

కుట్టు ఊడలేదమ్మా. దారం గట్టిగానే ఉంది. దారం పక్కన బట్ట చిట్లింది. లోపల్నించి ఒత్తిడి పడితే అలా చిట్లుతుంది. కుడి కాలు మాత్రమే. ఎడమ కాలు కొత్తగా ఉన్నట్టే ఉంది. నేనిచ్చిన వదులు ఎడమ కాలికి చాలింది, కుడి కాలికి చాల్లేదు.

నువ్వు సరిగ్గానే కొలిచావు. తప్పు నాది. కాగితం మీద పన్నెండు అని రాసుంటే, కళ్ళకి కనిపిస్తుంటే, రెండు కాళ్ళూ ఒకలాగే ఉండాలని నేననుకుని పదకొండుంపావు కత్తిరించాను. కొలత ఇచ్చినవాళ్ళ మాట వినకుండా కత్తెర పెట్టకూడదని నా దగ్గర నేర్చుకునే అమ్మాయిలకి నేనే చెప్తాను.

కానీ నాకొకటి అర్థం కావడం లేదు. నీ పుస్తకంలో ఇరవై ఆరు రోజులు "మంచి" అన్నావు. మంచిగా ఉన్న పిల్లకి ఒక మోకాలు ముప్పావు అంగుళం ఎక్కువెందుకుంటుంది? ఈసారి పొద్దున్న, అది మంచం దిగకముందు కొలువు. పుస్తకం మూసి పెట్టి కొలువు.

వదిన



ఫిబ్రవరి 27, శుక్రవారం

వదినకు,

పొద్దున్న ఆరున్నరకి కొలిచాను. ఎడమది పదకొండుంపావు. కుడిది పన్నెండుంపావు. మళ్ళీ కొలిచాను. అంతే.

ముట్టుకుంటే వెచ్చగా ఉంది. "ఎలా ఉందే?" అన్నాను. "బాగానే ఉందమ్మా" అంది. టేపు నా చేతిలోనే ఉంది, కొస పన్నెండుంపావు మీద. దానికీ కనిపిస్తోంది.

"ఎన్నాళ్ళనుంచే?" అన్నాను. దుప్పటి అంచు మడత పెడుతూ కూచుంది. తర్వాత చెప్పిందేమిటో ఉన్నదున్నట్టు రాస్తాను.

"నేను బాలేదు అంటే నువ్వు ఆ గడిలో టిక్కు పెట్టి వంటింట్లోకి వెళ్తావు. గిన్నెలు మోగుతాయి. మంచి అంటే మోగవు. మంచి అన్న రోజు నువ్వు పాట కూడా పాడతావు. నాన్న కాఫీ తాగుతూ నవ్వుతాడు."

ఇరవై ఆరు టిక్కులు వదినా. ఎర్ర గీతలు కొట్టి, స్కేలు పెట్టి గళ్ళు గీసుకుని, నేను రాసుకున్నదంతా నా గిన్నెల చప్పుడు. పిల్ల మోకాలు కాదు.

వంటింట్లోకి వెళ్ళి, మూత పట్టుకుని నిలబడ్డాను. కింద పెడితే చప్పుడవుతుందేమోనని అలాగే నిలబడ్డాను. మీ తమ్ముడొచ్చి నా చేతిలోంచి మూత తీసుకుని పెట్టారు.

మార్చి 3. ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యలేదు. నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం, అది కూడా రాసి పంపుతాను.

డాక్టరు మోకాలు చూసి, "పొద్దున్న ఎంతసేపు పడుతోందమ్మా వదులవడానికి?" అని పిట్టనడిగాడు. పిట్ట నా వైపు చూసింది. నేను అలవాటుగా సంచీలోంచి పుస్తకం తీశాను. ఆయన "పుస్తకాన్ని కాదమ్మా నేనడిగింది" అన్నాడు, కోపంగా కూడా కాదు. పుస్తకం మూసి సంచీలో పెట్టుకున్నాను. సంచీ పట్టీ వేలికి చుట్టుకుని కూచున్నాను. మాట నోటిదాకా ఎన్నిసార్లు వచ్చిందో చెప్పలేను. ఆ గదిలో బల్ల మీద అద్దం కింద ఎవరిదో పాత క్యాలెండరు ఉంది, అందులో తేదీలన్నీ చదివేశాను.

అప్పుడు పిట్ట చెప్పింది. "బ్రష్షు రెండు చేతులతో పట్టుకుంటాను. సీసా మూత పళ్ళతో తీస్తాను. షూ లేసు అమ్మ చూడనప్పుడు నాన్న కడతాడు. మూడో పీరియడ్ బెల్లు కొట్టేసరికి వేళ్ళు వస్తాయి."

మీ తమ్ముడు నేల వైపు చూస్తున్నారు. షూ లేసు సంగతి ఆయనకి తెలుసు. వేళాకోళాలాడే మనిషి, ఇన్నాళ్ళూ వంగి లేసులు కట్టి ఊరుకున్నారు. ఇంటికొచ్చే దారిలో "అది చెప్పొద్దంది" అన్నారు, అంతే.

మాత్ర తగ్గించలేదు. ఈ పుస్తకం నమ్మి తగ్గించుంటే మోకాలు పాడయ్యేదన్నాడు. మోకాల్లో ఇంజక్షన్ చేశాడు. పిల్ల ఏడవలేదు. నేను బయటికి వచ్చాక ఏడ్చాను, మందుల షాపు క్యూలో.

మీరు కోపంగా ఉంటే ఉండండి. కానీ చెప్పండి, ఇప్పుడేం చెయ్యను? పన్నెండో తారీకుకి తొమ్మిది రోజులే ఉన్నాయి. హెడ్మిస్ట్రెస్ గదిలోకి అది ఏం మొహం పెట్టుకుని వెళ్తుంది, నా వాక్యాల వల్ల పడ్డ ఆ పేరుతో?

మరదలు



మార్చి 6

పిచ్చిదానా,

నీ మీద కోపం నాకు సాయంత్రం దాకా కూడా నిలవదు. పైగా ఈసారి కత్తెర పెట్టింది నేను.

మా షాపులో ఏం చేస్తామో చెప్తాను, పనికొస్తే వాడు. "సరిపోయిందా?" అని అడగం. ఆ ప్రశ్నకి పిల్లలు అవునని తప్ప చెప్పరు, మన మొహం చూసి చెప్తారు. "ఎక్కడ పడుతోంది?" అని అడుగుతాం. అడిగి చేతికి సుద్దముక్క ఇస్తాం. ఎక్కడ పడితే అక్కడ వాళ్ళే గీత గీస్తారు. ఆ గీత మేం చెరపం, ఆ గీత మీదే విప్పి కుడతాం. అలా ఒకసారి తన గీత మీద బట్ట వదులైందని చూసిన పిల్ల రెండోసారి గొంతెత్తి చెప్తుంది.

పార్సిల్లో సుద్దముక్కలు నాలుగు పెట్టాను. నీలం ఒకటి, తెలుపు మూడు. పిట్టకే ఇవ్వు, నీ అరలో సర్దకు.

పద్నాలుగు వాక్యాల కాగితం చించెయ్యి. కొత్తది రాయకు. ఒక్క వాక్యం కూడా. నువ్వు రాయకుండా ఉండడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. పన్నెండో తారీకున నీ పని స్టూలు మీద కూచోవడం.

ప్యాంటు మళ్ళీ కుట్టలేదు. ఎలా కావాలో పిట్ట రాసి పంపితే కుడతాను. నువ్వు రాస్తే కుట్టను.

వదిన



మార్చి 12, గురువారం

వదినకు,

అయింది.

అక్కడ స్టూలు లేదు, బెంచీ ఉంది. హెడ్మిస్ట్రెస్ గది తలుపు పైసగం అద్దం, మసకది. పిట్ట నీడ కనిపిస్తోంది, మాట వినపడుతోంది గానీ ఏ మాటో తెలియడం లేదు. రెండుసార్లు లేచాను. గుమాస్తా కంప్యూటర్లోంచి తల ఎత్తకుండానే, "కూచోండమ్మా, పిలుస్తారు" అంది. పదిహేడు నిమిషాలు. మధ్యలో లోపల నవ్వు వినిపించింది. మళ్ళీ "గౌరవనీయులైన" అందేమో అనుకున్నాను. తర్వాత చూస్తే నవ్వింది రెండు గొంతులు. ఒకటి పిట్టది.

బయటికొచ్చాక "ఏమందే?" అన్నాను.

"ఒప్పుకుంది."

"నువ్వేం చెప్పావే?"

"నాకేం కావాలో చెప్పాను."

అంతే. నేను అడగలేదు. అడగకుండా ఉండడానికి దారిలో ఉన్న ప్రతి షాపు బోర్డూ పైకి చదివాను. "అమ్మా, నాకు చదవడం వచ్చు" అంది.

ఏం చెప్పిందో నాకు తెలియదు వదినా. ఆ గదిలో ఏం జరిగిందో ఏ పుస్తకంలోనూ నేను రాసుకోలేను. మధ్యాహ్నం నుంచీ మందుల అర సర్దుతున్నాను. సర్దిందే సర్దుతున్నాను.

రోజు పుస్తకం ఇప్పుడు అదే రాస్తోంది. నా గళ్ళు దానికి చాలడం లేదు, గీతలు దాటి రాసేస్తోంది. ఇవాళ్టి పేజీ నేను చూడలేదు. రెండుసార్లు తీసి, మళ్ళీ పెట్టేశాను.

మీకు ఉత్తరం రాస్తోంది. నన్ను చూడనివ్వడం లేదు. సాయంత్రమే రాసేసింది గానీ కవరు అంటించడం లేదు, రేపు పొద్దున్న ఇంకో లైను రాయాలట. ఎందుకో చెప్పదు. అంటించాకే నా చేతికిస్తుందట. నాదీ దానితోపాటే పోస్టు చేస్తాను.

పదహారున నేను స్కూలు గేటు దగ్గరే దింపేసి వచ్చేస్తాను. వచ్చేస్తాననే అనుకుంటున్నాను.

మీ మరదలు



మార్చి 12

అత్తా,

ఇది నేనే రాస్తున్నా. సాయంత్రం రాస్తున్నా కాబట్టి అక్షరాలు బాగున్నాయి. పొద్దున్న ఎలా ఉంటాయో నీకు చూపించడానికి కింద రేపు ఒక లైను రాస్తా. హెడ్మిస్ట్రెస్‌కి కూడా ఇదే చూపించా. ఒకే కాగితం మీద "ఇది నా చేతిరాత" అని ఏడున్నరకి ఒకసారి, పన్నెండుకి ఒకసారి రాశా. పొద్దున్నది చూసి ఆవిడ, "ఇది ఎవరు రాశారు?" అంది. నేనే అన్నా. "మరి ఇది?" అంది. అదీ నేనే అన్నా. ఇద్దరూ నేనే, మధ్యలో మూడు పీరియడ్లు అన్నా. అప్పుడు నవ్వింది. నాక్కూడా నవ్వొచ్చింది.

పరీక్ష పదకొండుకి పెట్టమన్నా. ఒక్కదానికోసం మార్చడం కుదరదంది. అయితే గంట ఎక్కువ ఇవ్వండి అన్నా. అరగంట అంది. చెయ్యి అరగంటలో రాదండీ అన్నా. ముప్పావు గంటకి ఒప్పుకుంది. మధ్యలో లేచి నడవచ్చంది. లావు పెన్ను తెచ్చుకోవచ్చంది. టీచరుకి ఎవరు చెప్తారు అని అడిగా. నువ్వే చెప్పు, నమ్మకపోతే నా దగ్గరికి పంపు అంది. రేపు చెప్తా. భయంగానే ఉంది. గౌరవనీయురాలు అంటే అననీ.

ఇప్పుడు ప్యాంటు. సుద్దతో నా పాత ప్యాంటు మీద గీసి, టేపు పెట్టి చూసుకున్నా. కుడి కాలు బాగా వదులు కావాలి. ఎడమది ఇదివరకటిలాగే. రెండూ ఒకలా కనిపించాలని లేదు. పట్టీ బాగుంది, కానీ కుడి పక్క కాదు, ఎడమ పక్క పెట్టు, ఆ చెయ్యి కొంచెం నయం. పొడుగు ముప్ఫై ఒకటి చాలు, ముప్ఫై రెండు అమ్మ పెరుగుతానని రాసింది. జేబు ఒకటి కావాలి. సుద్దముక్క పెట్టుకోవడానికి.

పొద్దున్న లైను:

ఏడున్నర. కుడిది పన్నెండు. ఇవాళ పుస్తకంలో బాలేదు అని రాశా. వంటింట్లో గిన్నెలు మోగుతున్నాయి. మోగనీ.